ఇంకాస్తే, వచ్చేశాం!

"ఇంకెంత దూరం?" అని అడిగిన పిల్లలకి "ఇదిగో, వచ్చేశాం" అని చెప్పని తల్లి ఉంటుందంటే నేను నమ్మను. నేనూ చెప్పాను. మా అబ్బాయికి ఆరో ఏట, తిరుమలకి నడిచి వస్తామన్న మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టాం. మొత్తం మూడు వేల అయిదు వందల పైచిలుకు మెట్లు. వంద మెట్లకే వాడు "గుడేదీ?" అన్నాడు. "అదిగో, ఆ గోపురం దాటితే" అన్నాను. గోపురం దాటాక "ఆ చెట్టు దాటితే" అన్నాను. అలా గోపురాలూ చెట్లూ దాటించి వాణ్ణి కొండమీదికి చేర్చాను. వాడిప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పటికీ నేను దేన్నయినా "దగ్గరే" అంటే, "మామూలు దగ్గరా, అలిపిరి దగ్గరా?" అని అడుగుతాడు.

దాన్ని మనం అబద్ధం కింద జమకట్టం. ధైర్యం చెప్పడం అంటాం. సూది పొడిచే ముందు "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటాం. అందులో తప్పేముందని నేనూ అనుకునేదాన్ని, పోయినేడు నవంబరులో ఒక మంగళవారం పొద్దుటి దాకా. ఆ పొద్దున్న ఏం జరిగిందో చెప్పాలంటే ముందు నా సైకిలు సంగతి చెప్పాలి.

మీరు నవ్వుకున్నా ఫరవాలేదు. నలభై మూడో ఏట నేను సైకిలు కొనుక్కున్నాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరుగారు సైకిలు తొక్కమన్నారు. ఆయన ఉద్దేశం గదిలో ఒకచోట నిలబెట్టి తొక్కేది. విశాఖపట్నంలో, సముద్రానికి నాలుగు వీధుల అవతల ఉంటూ గోడకేసి చూస్తూ తొక్కడమేమిటని నేను కదిలే సైకిలే కొన్నాను. చిన్నప్పుడు మా నాన్నగారి సైకిలు కడ్డీ కింద నుంచి కాలు పోనిచ్చి నేర్చుకున్న విద్య, ముప్ఫై ఏళ్ళయినా ఒళ్ళు మరిచిపోలేదు.

మా వారికి మాత్రం దానికున్న గేర్లు నచ్చలేదు. "మా నాన్న గేర్లు లేకుండానే ముప్ఫై ఏళ్ళు ఆఫీసుకి తొక్కాడు" అన్నారు. ఇలాంటి మాట అన్నది ఆయనొక్కరే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఫ్రాన్సులో 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన హెన్రీ డెగ్రాంజ్, అంతకు ముందు ఏడాదే, గేర్లు మార్చుకునే సైకిలు నలభై అయిదు దాటినవాళ్ళకే తగునని రాశాడట. కండబలం ఉన్నవాడికి అవెందుకని ఆయన వాదం. గొలుసుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే సాధనాన్ని ఆ పందెంలోకి 1937 దాకా రానివ్వలేదు. ఇప్పుడు నా వయసు నలభై ఆరు. డెగ్రాంజ్ గారి లెక్కలో కూడా నేను అర్హురాలినే! ఆ మాట మా వారికి చెప్పాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మా వీధిలోనూ పక్క వీధుల్లోనూ ఉన్న ఆడవాళ్ళం మెల్లిగా ఆరుగురం పోగయ్యాం. మొదట్లో ఆర్.కె. బీచి నుంచి టెన్నేటి పార్కు దాకా వెళ్ళి రావడమే గొప్ప. తర్వాత ఋషికొండ. ఆ తర్వాత తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి. ఒకవైపు పాతిక ముప్ఫై కిలోమీటర్లు. భీమిలిలో వేడివేడి ఇడ్లీ తిని వెనక్కి తిరిగిన మొదటి ఆదివారం, మాకు ఊరేగింపు ఒక్కటే తక్కువ.

అంత దూరం అయ్యేసరికి, ఏ దారిన వెళ్ళాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి అన్నీ ముందే కూర్చుని చూసుకోవలసి వచ్చింది. "నువ్వు నవలలు రాస్తావుగా, అల్లడం నీకు చేతనవును" అని ఆ పని నా నెత్తిన పెట్టారు. ఇష్టంగానే తీసుకున్నాను. తీసుకున్నాక తెలిసింది, దారి అల్లడం కథ అల్లడం కంటే కష్టమని.

మొదటి సంగతి, ఆడవాళ్ళ దారిని మగవాళ్ళు వేసిన పటం మీద చూడలేం. మా కాగితం మీద ముందు గుర్తు పెట్టేది ఊళ్ళు కాదు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకులు. అవి గంటన్నరకి ఒకటి లేకపోతే ఎవరూ నీళ్ళు తాగరు. నీళ్ళు తాగకపోతే పదింటికల్లా కళ్ళు తిరుగుతాయి. రెండోది గాలి. ఎండాకాలంలో మా ఒడ్డున నైరుతి గాలి కొడుతుంది. భీమిలికి వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంటే "అబ్బ, ఎంత తేలిగ్గా తొక్కేస్తున్నాం!" అనుకుంటాం. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురొచ్చి మన గొప్ప ఎంతో చెబుతుంది. అందుకని ఎండెక్కక ముందే, గాలి పెరగక ముందే ఇల్లు చేరేలా చూసుకోవాలి.

మూడోది ఎత్తు. అసలు కీలకం ఇక్కడే ఉంది. బల్లపరుపు నేల మీద నలభై కిలోమీటర్లు తొక్కిన మనిషిని, కొండ మీద నాలుగు కిలోమీటర్లు కూర్చోబెట్టేస్తాయి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు నడిచేవాళ్ళ కోసం ఒక లెక్క కట్టాడు. ప్రతి మూడు మైళ్ళకీ ఒక గంట. అది కాక, ఎక్కిన ప్రతి రెండు వేల అడుగులకీ ఇంకో గంట. అంటే ఎత్తుకి వేరే పద్దు రాయాలన్నమాట. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ పటాల్లో ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నీ కలుపుతూ సన్నటి గీతలుంటాయి. మొదటిసారి చూసి మెలికల ముగ్గనుకున్నాను. యాభై వేలకి ఒకటి కొలతగా వేసిన పటంలో గీతకీ గీతకీ మధ్య ఇరవై మీటర్ల ఎత్తు. గీతలు ఎడంగా ఉంటే నేల మెల్లిగా లేస్తోందని. చేతికి వేసుకున్న గాజుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే గోడ అని.

ఇప్పుడు ఫోనులోనే ఎత్తుపల్లాల బొమ్మ వస్తుంది. కాని దాన్ని చూసి మోసపోకూడదు. చిన్న దిబ్బని హిమాలయంలా, పెద్ద కొండని చేటలా చూపిస్తుంది, కొలబద్ద మారిపోతూ ఉంటుంది కనక. బొమ్మ పక్కనున్న అంకెలు చదువుకోవాలి. ఆ అంకెల్లో చాలా భాగానికి మూలం 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే అంతరిక్షనౌక పదకొండు రోజుల పాటు రాడారుతో భూమిని కొలిచిన కొలతలు. దట్టమైన అడవి ఉన్నచోట ఆ రాడారు చెట్ల కొమ్మల్నే నేల అనుకుంటుందట. పైనుంచి చూసి ఎవరి కష్టం ఎంతో లెక్కగట్టేవాళ్ళందరూ ఇంతేనేమో అనిపించింది నాకు.

వంద మీటర్లు ముందుకి వెళ్ళేసరికి అయిదు మీటర్లు పైకి లేస్తే మాలాంటివాళ్ళం చిన్న గేరు వేసుకుని, మాటలు కట్టిపెట్టి ఎక్కాలి. ఎనిమిది లేస్తే దేవుణ్ణి తలుచుకోవాలి. మనిషీ సైకిలూ కలిసి ఎనభై కిలోలనుకుంటే, వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఒంట్లోంచి సుమారు ఎనిమిది వందల కేలరీలు ఖర్చవుతాయి. ఇడ్లీ ఒక్కింటికి యాభై వేసుకోండి, పదహారు ఇడ్లీలు! ఆ పదహారూ బయల్దేరే ముందు ఒక్కసారే తినలేం. దారిలో, ఆకలి వెయ్యకముందే, కొంచెం కొంచెంగా తింటూ ఉండాలి. ఎక్కడ కొండ ఉందో తెలిస్తేనే ఎక్కడ తినాలో తెలుస్తుంది.

ఇక్కడే నాకూ నా వృత్తికీ పేచీ వచ్చింది. కథ రాసేవాళ్ళకి ముందున్నది దాచడమే విద్య. పెళ్ళిచూపుల నాడే పెళ్ళికొడుక్కి ఇంకో కాపురం ఉందని రాసేస్తే ఇరవై వారాల సీరియలు రెండు వారాల్లో అయిపోతుంది. సంపాదకులు ఊరుకోరు, మీరూ ఊరుకోరు. ఏళ్ళ తరబడి మలుపుల వెనక కొండలు దాచిపెట్టి బతికినదాన్ని. మనుషుల్ని కూడా అలాగే లాక్కుపోవచ్చని ఎప్పుడు అనుకున్నానో నాకే తెలీదు.

మా ఆడపడుచు పోయినేడు మా ఇంట్లో రెండు నెలలుంది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. కొడుకు హాస్టల్లో, కూతురు డిగ్రీలో, మొగుడు క్యాంపుల్లో. వచ్చిన వారానికే నా పాత సైకిలు తుడిచి ఎక్కింది. నెల తిరిగేసరికి మాతో భీమిలి వచ్చేసింది. నెమ్మదిగా, నోరెత్తకుండా, వెనకపడకుండా తొక్కే మనిషి. ఆవిడ వెళ్ళిపోయే లోపల ఒక్కసారి అనంతగిరి తీసుకెళ్ళాలని నాకు ఆశ పుట్టింది. వికారాబాదు దగ్గరున్నది కాదు, మా అరకు దారిలో ఉన్న అనంతగిరి.

ఆ దారి మీకు తెలిసే ఉంటుంది. కారులోనో బస్సులోనో వెళ్ళి ఉంటారు. విశాఖ నుంచి అరకు నూట పదిహేను కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా మైదానం. బొడ్డవర దాటాక కొండలు దగ్గరకొస్తాయి. అక్కణ్ణించి ఘాట్. అరకు సముద్రానికి తొమ్మిది వందల మీటర్లకి పైన ఉంది. ఆ కొండల్లోనే వెళ్ళే కిరండూల్ రైలు దారిలోని శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. మన దేశపు బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలోకీ ఎత్తయినదని ఒకప్పుడు పేరు. అంత పెద్ద రైలుకే ఆ కొండ తిన్నగా ఎక్కడం చేతకాక సొరంగాల్లో దూరుతూ చుట్టూ తిరుగుతూ పోతుంది. మేము మాత్రం సైకిళ్ళని మినీ వ్యానులో శృంగవరపుకోట దాకా తీసుకుపోయి, అక్కణ్ణించి అనంతగిరి వరకు తొక్కి, కాఫీ తాగి, వ్యానులో తిరిగి రావాలని ఏర్పాటు. ఆదివారాలు టూరిస్టు బస్సుల రద్దీ ఉంటుందని మంగళవారం పెట్టాను.

మిగతా అయిదుగురికీ పటం చూపించాను. ఆడపడుచుకి చూపించలేదు. "కొండలున్నాయా వదినా?" అని తనే అడిగింది. "కాస్త ఎత్తుంటుంది, అంతే" అన్నాను. "మన టెన్నేటి పార్కు దగ్గర ఉన్నంతా?" అంది. "ఆఁ, దానికి కొంచెం అటూ ఇటూ" అన్నాను. చెబితే భయపడి మానేస్తుందని నా భయం. తక్కినవాళ్ళని కూడా నోరు మెదపొద్దన్నాను. ఇంకో ఘనకార్యం కూడా చేశాను. వ్యాను వెనకే వస్తుంటే అలిసిపోగానే ఎక్కి కూర్చుంటారని, దాన్ని ముందే అనంతగిరి పంపించేశాను. ఘాట్‌లో చాలాచోట్ల ఫోను పలకదు. ఆ సంగతి నాకు తెలుసు.

తెల్లవారుఝామున బయల్దేరాం. మంచు, చలి, రోడ్డుకి రెండు పక్కలా వరి పనలు. బొడ్డవర దాకా అందరం కబుర్లాడుకుంటూ తొక్కాం. మా ఆడపడుచు అన్నిటికంటే ముందు ఉంది. ఘాట్ మొదలయ్యాక కూడా అలాగే తొక్కింది. ఉన్నది కాస్త ఎత్తే కదా, ఒక్క ఊపులో ఎక్కేద్దామని అనుకుంది పాపం. పెద్ద గేరు మీదే, లేచి నిలబడి తొక్కింది. రెండో మలుపు దాటాక "ఇంకెంత వదినా?" అంది. "ఇంకాస్తే" అన్నాను. నాలుగో మలుపు దగ్గర అడిగింది. "ఇదిగో, వచ్చేశాం" అన్నాను. అరటిపండు ఇస్తే "వచ్చేశాంగా, పైన తింటాను" అని తినలేదు. ఏడో మలుపు దగ్గర ఇంక అడగలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. సైకిలు దిగి, రోడ్డంచున పిట్టగోడ మీద కూలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి.

అప్పుడే ఒకావిడ, మా అంత వయసే ఉంటుంది, అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని పైనుంచి దిగి వస్తోంది. మా ఆడపడుచు నన్ను కాదని ఆవిణ్ణి అడిగింది, "అనంతగిరి ఇంకెంత దూరం అమ్మా?" అని. ఆవిడ ఆగి, మమ్మల్నీ సైకిళ్ళనీ చూసి, నవ్వకుండా చెప్పింది. "ఇంకా సానా ఉందమ్మా. సగం కూడా రాలేదు. పైన ఒక గెడ్డ వస్తాది, అక్కడ నీళ్ళు తాగి కూకోండి. ఆ తరవాత మరీ నిలువు." చెప్పి, మోపు సర్దుకుని వెళ్ళిపోయింది. రోజూ ఎక్కి దిగే మనిషికి కొండని తక్కువ చేసి చెప్పాల్సిన అవసరమేముంది?

మా ఆడపడుచు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నా వైపు చూడకుండానే అంది: "అప్పుడూ ఇలాగే చెప్పావు వదినా."

ఎప్పుడని నేను అడగలేదు. నాకు తెలుసు.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. నేను ఆ ఇంటికి కోడలినై వెళ్ళి రెండేళ్ళయింది. తనకి సంబంధం కుదిరింది. కుర్రాడు బుద్ధిమంతుడు, మంచి ఉద్యోగం, కట్నం మీద పేచీ లేదు. కాని ఆ అబ్బాయి తల్లికి పక్షవాతం వచ్చి మంచం మీద ఉంది. పెళ్ళిచూపుల నాటికి ఆవిణ్ణి ఇంకో ఊళ్ళో పెద్దకొడుకు దగ్గర ఉంచారు. కొత్తకోడలు రాగానే ఇక్కడికి తీసుకురావాలని వాళ్ళు అనుకున్నారు. మా అత్తగారికి ఆ సంగతి తెలిసింది. "పిల్లకి చెప్పకండి. చెబితే బెదురుతుంది. ఒకసారి కాపురానికి వెళితే అదే సర్దుకుంటుంది" అన్నారు. నేను వంటింట్లో కాఫీ వడబోస్తూ విన్నాను. ఆ రాత్రి డాబా మీద నా పక్కనే పడుకుని తను అడిగింది, "వాళ్ళింట్లో అందరూ బాగానే ఉన్నారు కదా వదినా?" అని. "బాగానే ఉన్నారులే, పడుకో" అన్నాను.

పధ్నాలుగేళ్ళు చేసింది ఆ అత్తగారికి. ఒక్కరోజు విసుక్కున్నట్టు ఎవరూ చెప్పుకోలేదు. ఆవిడ పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా తనే. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అనంతగిరి ఘాట్‌లో ఏడో మలుపు దగ్గర అంది.

"తప్పయింది" అన్నాను. అంతకంటే ఏమనాలో తోచలేదు. మొదటిదానికన్నానో రెండోదానికన్నానో నాకే తెలీదు.

"పటం ఉందా?" అంది. తీసి ఇచ్చాను. వేలుతో గీతల మీద రాస్తూ చూసింది. గెడ్డ ఎక్కడ, నిలువు ఎక్కడ, మధ్యలో దిగుడు ఏమైనా ఉందా, అన్నీ అడిగింది. ఈసారి అన్నీ ఉన్నవున్నట్టు చెప్పాను. అరటిపండు తింది. బెల్లం పల్లీ చెక్క రెండు ముక్కలు తింది. అన్నిటికంటే చిన్న గేరు ఏదో అడిగి అందులో వేసుకుంది. "నిలువుగా ఉన్నచోట నేను నడిపించుకు వస్తాను, నా కోసం ఆగొద్దు" అంది. అప్పటిదాకా మా అందరికంటే ముందున్న మనిషి, అక్కణ్ణించి అందరికంటే వెనకగా, కాని ఎక్కడా కూలబడకుండా వచ్చింది. అనంతగిరి చేరేసరికి పదిన్నర దాటింది.

పైన మంచు విడిపోయింది. కాఫీ తోటల మీద ఎండ పడుతోంది. ఎదురు కొండవాలున వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. రోడ్డు పక్క కొట్టులో కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కింద మేము వచ్చిన మలుపులన్నీ చూసింది. నేను అవకాశం దొరికింది కదా అని, "చెబితే రాకపోదువు. రాకపోతే ఇదంతా చూడకపోదువు" అన్నాను.

"నిజమే వదినా, రాకపోదును. చూడకపోదును" అంది. ఒక గుక్క కాఫీ తాగి, "అయినా నువ్వు చెప్పాల్సింది" అంది.

ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని నేను ఏడాదిగా ఆలోచిస్తున్నాను. మొదటిది నిజమైతే రెండోది ఎందుకు? మంచే జరిగిందిగా? పెద్దవాళ్ళందరూ అనేది అదే. అన్నీ ముందే చెబితే ఏ పిల్ల పెళ్ళి చేసుకుంటుంది, ఏ తల్లి రెండో కాన్పుకి ఒప్పుకుంటుంది అంటారు. పెద్ద జబ్బు చేస్తే మనిషికి చెప్పకుండా మొగుడికీ కొడుక్కీ మాత్రమే చెప్పే ఇళ్ళు ఇప్పటికీ ఎన్ని లేవు? అందులో ప్రేమ లేదని అనలేం.

దారులు వేసేవాళ్ళలో ఈ పని చేసింది నేనొక్కదాన్నే కాదు. గేర్లు ముసలాళ్ళకన్న ఆ డెగ్రాంజ్ దగ్గరే స్టైనెస్ అనే ఆయన పని చేసేవాడు. 1910లో పందేన్ని పిరనీస్ పర్వతాల మీదుగా తీసుకుపోదామని అన్నది ఆయనే. రెండు వేల మీటర్లకి పైనున్న తూర్మాలే కనుమ ఎలా ఉందో చూసి రావడానికి తనే వెళ్ళాడు. మంచులో కారు ఆగిపోయింది. చీకట్లో కాలినడకన పోయి దారి తప్పాడు, చావు తప్పి బయటపడ్డాడు. తెల్లారాక డెగ్రాంజ్‌కి తంతి కొట్టాడు: దారి బ్రహ్మాండంగా ఉంది, సునాయాసంగా వెళ్ళొచ్చు అని! ఆ వేసవిలో ఆ కొండలెక్కుతూ, చివరికి ఆ ఏటి పందెం గెలిచిన లాపీజ్, నిర్వాహకుల్ని చూసి "హంతకులు" అని అరిచాడు. ఇవాళ ఆ కొండలు లేకుండా ఆ పందేన్ని ఊహించలేరు. అంటే స్టైనెస్ చేసింది మంచిదే అయిందనుకోవాలా? లాపీజ్ అరుపు తప్పయిందనుకోవాలా?

నాకు తోచింది ఇది. కొండ ఉందని చెప్పకపోతే కొండ తగ్గదు. తగ్గేది ఎక్కేవాళ్ళ సత్తువ. తెలిసిన మనిషి ముందే గేరు మార్చుకుంటుంది, ముందే తింటుంది, ఊపిరి దాచుకుంటుంది, ఎక్కడ నడవాలో తనే నిర్ణయించుకుంటుంది. మా ఆడపడుచు ఏడో మలుపు దగ్గర పడిపోయింది కొండ వల్ల కాదు, "ఇంకాస్తే" వల్ల. నేను దాచింది కష్టాన్ని అనుకున్నాను. నిజానికి దాచింది ఆ కష్టానికి ఆవిడ చేసుకోగలిగిన ఏర్పాటుని. పెళ్ళికి ముందు చెప్పి ఉంటే తను మానేసి ఉండేదో, ఒప్పుకుని "నెలకి పదిరోజులు పెద్దకోడలు వచ్చి చూడాలి" అని ఒక షరతు పెట్టి ఉండేదో. అది మాకు ఎప్పటికీ తెలీదు. తెలుసుకునే దారి మేమే మూసేశాం.

పైకి చేరాక కలిగిన సంతోషమంటారా, అది ఆవిడ కాళ్ళతో సంపాదించుకున్నది. దాన్ని తీసుకొచ్చి నా అబద్ధం ఖాతాలో జమ వేసుకునే హక్కు నాకు లేదు.

ఆరేళ్ళ పిల్లాడికి "ఆ చెట్టు దాటితే" అని చెప్పడం వేరు. వాణ్ణి ఎత్తుకునే ఒడి మనదే. మెట్టు మెట్టుకీ మనం పక్కనే ఉంటాం. పెద్దవాళ్ళకి అలా చెప్పామంటే వాళ్ళని ఆరేళ్ళ పిల్లల్ని చేశామన్నమాట. ఎత్తుకోవడానికి మాత్రం మనం ఉండం. అప్పుడు వ్యానుని ముందే పంపించేసి ఉంటాం.

ఇప్పుడు మా కాగితం మీద మొదటి వరసలోనే రాస్తున్నాను: మొత్తం ఎంత దూరం, మొత్తం ఎంత ఎక్కుడు, నిలువు ఎక్కడ, అది ఎన్ని కిలోమీటర్లు, వద్దనుకుంటే వెనక్కి తిరగడానికి ఎక్కడ వీలు. ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. మొదట్లో ఇద్దరు భయపడి మానేశారు. ఫరవాలేదు, మానెయ్యడం కూడా వాళ్ళ ఇష్టమే. అందులో ఒకావిడ రెండు నెలల తర్వాత, ఆ కాగితం దాచుకుని, తనంతట తనే వచ్చింది.

అన్నట్టు, మా ఆడపడుచు వాళ్ళ ఊళ్ళో సైకిలు కొనుక్కుంది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. మొన్న దాని కూతురికి ఒక సంబంధం వచ్చిందట. "అందరూ బంగారం లాంటి మనుషులంటున్నారు వదినా. నువ్వొకసారి వచ్చి చూసి, కొండ ఎక్కడుందో నాకు కాదు, నా కూతురికి చెప్పు" అంది.

వస్తానన్నాను. వచ్చే వారం ప్రయాణం. రైల్లో ఎనిమిది గంటలు. "దగ్గరేనా?" అని మా అబ్బాయి అడిగాడు. "కాదు, దూరమే" అన్నాను.